వాసన వచ్చే వస్తువులు

“జిప్పున్న టెంటు వద్దంటే వద్దు. ఈ వేళ్ళతో నేను జిప్పు లాగలేనని పొద్దుట్నించీ చెప్తానే ఉన్నా,” అంటోంది అత్తయ్య.

“తలుపున్నదానికి బాత్రూం లేదంటన్నాడుగా! ఆ చలిలో చెంబు పట్టుకుని బయటికెళ్ళేది ఎవరమ్మా, నువ్వా నేనా?” అంటోంది ఆడపడుచు వైదేహి.

పార్కు మనిషి ఆ మాటల్లో తలదూర్చకుండా మా హాల్లో చాప మీద కూర్చుని మూట విప్పుతున్నాడు. ఇంటింటికీ తిరిగి చీరలమ్మేవాళ్ళలాగే ఒక్కో టెంటూ తీసి, మడత దులిపి, మా ముందు పరుస్తున్నాడు. టెంటుతోపాటు దాని కిందుండే గడ్డి, పక్కన పారే ఏరు, వెనక నిలబడే కొండ కూడా మడతల్లోంచి జారి వస్తున్నాయి. వాటికి చోటు చాలక మా హాలు పొడుగవుతోంది. టీవీ ఇప్పటికే దేవదారు చెట్ల అవతలికి వెళ్ళిపోయింది. మా ఆయన దివాకర్ వార్తలు కనబడటానికి దూరపు చూపు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

ఈ సెలవులకి మేం కొండల మీది నేషనల్ పార్కుకి వెళ్తున్నాం. అక్కడ ఉండటానికి గదులు లేవు. చెక్క చట్రానికి కాన్వాసు గుడ్డ బిగించిన టెంట్లే ఉన్నాయి. ఏది కావాలో ఇంట్లోనే చూసుకుని తేల్చుకోవాలి. ఒకసారి తీసుకున్నాక మార్చరు.

అత్తయ్య ఏటి ఒడ్డు టెంటు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తుంది.

“గంజి బాగా దట్టించారు. ఒక్క వానకే జావగారిపోద్ది.”

“పోదమ్మా. మీద మంచు పడ్డా రంగు దిగదు. గ్యారంటీ,” అంటాడు పార్కు మనిషి. ఆయనది తెనాలి యాస. అన్ని కొండలు మోసుకుని దిగివచ్చిన మనిషికి మా ఊరి యాస ఉండటం ఎవరికీ వింతగా లేదు.

“ఇందులోనే ఆకుపచ్చంచుది లేదా?” అని వైదేహి అడుగుతుంది.

ఆయన మూట అడుగు నుంచి ఇంకొకటి లాగుతాడు. దానితో వచ్చిన కొండ కింద వరసంతా ఆకుపచ్చగా ఉంది. వైదేహి మూతి విరుస్తుంది. “మరీ గాఢంగా ఉంది. నాలాంటి చామనఛాయ వాళ్ళకి నప్పదు.”

వైదేహి రెండు చేతులకీ గోరింటాకు ఉంది. అందుకని గుడ్డను మోచేత్తో తడిమి చూస్తోంది. ఆమె నుదుటి మీద పడ్డ జుట్టును నేను వెనక్కి తోస్తాను. ఆమె నోటికి మంచినీళ్ళ గ్లాసు అందిస్తాను. ఆషాఢం కదా, ఇంట్లో అందరూ పెట్టుకున్నారు. అత్తయ్యకీ, మా అమ్మాయి మేదినికీ నిన్ననే పండింది. ఆకు కోసింది నేను, రుబ్బింది నేను. గోరింటాకు పెట్టుకున్నవాళ్ళు అది ఆరేదాకా ఏ పనీ ముట్టుకోరు. వాళ్ళకి అన్నం కలిపి పెట్టడానికీ, దోమ వాలితే తోలడానికీ ఇంట్లో ఒక మనిషి పెట్టుకోకుండా మిగలాలి. ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ మిగిలే మనిషిని నేను. రుబ్బేటప్పుడు అరచేతి అంచుకి అంటిన మరక ఒకటి ఉంటుంది. నాకు పండేది అదే.

“నాన్నా, పైదాంట్లోనే సిగ్నల్ వస్తుందంట,” అంటుంది మేదిని. ఆమె సోఫాలో ఉంది. సోఫా ఇప్పుడు ఒక బండరాయి పక్కన ఉంది. ఆమె ఫోన్‌ను పైకెత్తి కొండ శిఖరం వైపు చూపిస్తోంది.

నేను నెమ్మదిగా పార్కు మనిషిని అడుగుతాను. “లోపల మంచాలెన్ని ఉంటాయండీ?”

“అన్నిట్లోనూ నాలుగేనమ్మా.”

మా ఇంట్లో అత్తయ్య, దివాకర్, వైదేహి, మేదిని, నేను. ఎవరైనా అదే మాట అంటారేమోనని చూస్తాను. దివాకర్ వార్తలు చూస్తున్నాడు. అత్తయ్య కుట్లు లెక్కపెడుతోంది.

పార్కు మనిషి ఆఖరి టెంటు తీస్తాడు. ఇంతసేపూ దాన్ని దాచిపెట్టుకున్నట్టు రెండు చేతుల మీద ఎత్తి పట్టుకుంటాడు. అది పరవగానే చలి వస్తుంది. మా కిటికీ అద్దాలు మసకబారతాయి.

“ఇది చూడండి. చెక్క తలుపు. లోపలే బాత్రూం. కింద నేలంతా పలకలు. మూల కట్టెల పొయ్యి, దానికి పొగ గొట్టం. చలి మాటే ఉండదు. కాకపోతే ఒక్కటి. ఒక మనిషి నిద్రపోకుండా కట్టెలేస్తా ఉండాల. పొయ్యి ఆరిందంటే లోపలున్నవాళ్ళు గడ్డకడతారు.”

అందరూ నా వైపు తిరుగుతారు. వాళ్ళ చూపుల్లో చాలా ప్రేమ ఉంది.

“ఇందు ఉందిగా,” అంటాడు దివాకర్. “దానికెటూ నిద్ర పట్టదు.”

“అయితే ఇక దానికి మంచమెందుకు? నలుగురికీ నాలుగు,” అంటుంది అత్తయ్య.

“చూశావా వదినా, మనకోసమే కుట్టించినట్టుంది!” వైదేహి మోచేత్తో నా భుజం తడుతుంది.

“నిద్ర పట్టక కాదు,” అంటాను నేను. “మీరు పడుకున్నాక గిన్నెలుంటాయి. మీరు లేవకముందు పాలుంటాయి. మధ్యలో ఉండేది నిద్రకి చాలదు.”

“నేనన్నదీ అదేగా,” అంటాడు దివాకర్. ఆయన గొంతులో కోపం లేదు. మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరిందని ఆయన నిజంగానే అనుకుంటున్నాడు.

పార్కు మనిషి మిగతా కొండల్ని మడిచి మూటలో పెట్టేసుకుంటాడు. ఏరు కాస్త తడిగా ఉందని విడిగా చుట్టి పైన పెడతాడు. మేం స్వెట్టర్లు వేసుకుని, సోఫా దాటి, షూ స్టాండు దాటి, గడ్డిలోకి నడుస్తాం. దారి ఎత్తుగా ఉంది. అత్తయ్యకి ఒక చెయ్యి ఇస్తాను. ఇంకో చేత్తో తిండి సంచి మోస్తాను. సంచిలో ఇడ్లీ పిండి గిన్నె, గోంగూర పచ్చడి జాడీ, కందిపొడి, ఇంగువ డబ్బా ఉన్నాయి. మిగిలిపోయిన గోరింటాకు ముద్ద ఒక చిన్న డబ్బాలో ఉంది. అది వైదేహి కాళ్ళకి.

“పిండి తొణకనియ్యకు. వాడికి బయటి ఇడ్లీ పడదు,” అంటుంది అత్తయ్య.

వాడంటే దివాకర్. ఆయన మా అందరికంటే ముందు నడుస్తూ పెద్ద పెద్దగా గాలి పీలుస్తున్నాడు.

టెంటు గుమ్మం దగ్గర పార్కు మనిషి చెయ్యి అడ్డం పెడతాడు.

గుమ్మానికి కొంచెం అవతల, గడ్డిలో, ఒక ఇనప్పెట్టె ఉంది. బీరువాను వెల్లకిలా పడుకోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. మూత మీద తెల్ల రంగుతో రాసి ఉంది: ‘వాసన వచ్చే వస్తువులన్నీ ఇందులోనే ఉంచవలెను. ఎలుగుబంట్లు తిరుగును.’

“ఈ గడియ చూశారా?” అంటాడు పార్కు మనిషి. “రేకు కిందికి వేళ్ళు పోనిచ్చి నొక్కి ఎత్తాల. ఎలుగుకి రాదు, మనిషికొస్తది. రండి, ఒక్కొక్కరూ రండి. వాసన చూడాల.”

ఆయన అందరినీ వరసగా నిలబెట్టి వాసన చూస్తాడు. అత్తయ్య దగ్గర హారతి కర్పూరం వాసన. ఎలుగులకి కర్పూరం గిట్టదు, వెళ్ళొచ్చు. దివాకర్ దగ్గర పేపరు వాసన. పర్వాలేదు. వైదేహి దగ్గర పౌడరు. అది తినే వస్తువు కాదు. చేతుల గోరింటాకు దగ్గర మాత్రం ఆయన కొంచెం ఆగుతాడు.

“ఎలుగులకి ఇదంటే ఇష్టమే. కానీ ఆరిపోవచ్చింది. రాల్చేసి లోపలికెళ్ళండి. మిగిలిందుంటే పెట్టెలో పెట్టండి.”

మేదిని ముందు ఆయన ఎక్కువసేపు నిలబడతాడు. ఆమె కుడిచెయ్యి పట్టుకుని వేళ్ళ చివర్లు వాసన చూస్తాడు. మొన్న నాకు జ్వరమొచ్చిన పూట అది పప్పుకి తాలింపు వేసింది. అప్పుడంతా దాన్ని మెచ్చుకున్నారు.

“తాలింపే,” అంటాడాయన. “కానీ ఇంకా పట్టలేదు. ఇప్పుడు కడిగితే పోద్ది.”

మేదిని వేళ్ళు జీన్స్ ప్యాంటుకి తుడుచుకుంటుంది.

తర్వాత నా వంతు. ఆయన నా జుట్టు, మెడ, చీర కుచ్చిళ్ళు, అరచేతులు, మోచేతి మడతలు అన్నీ చూస్తాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుంటాడు.

“ఇంగువ,” అంటాడు. “ఆవాలు. మెంతులు. కరివేపాకు. మరిగిన నూనె. చాలా లోపలికి వెళ్ళిపోయింది.”

“తలంటి పోసుకుని వచ్చానండీ. సబ్బు రుద్దుకున్నాను.”

“సబ్బు పైపైన ఉందమ్మా. కింద తాలింపు అట్టాగే ఉంది. మిమ్మల్ని టెంట్లోకి పంపితే రాత్రికి ఎలుగులన్నీ గుమ్మంలోనే ఉంటయ్.”

“అంటే నేను ఎక్కడ పడుకోవాలి?”

ఆయన పెట్టె వైపు చూపిస్తాడు. మొహమాటం లేదు, కరుకుతనమూ లేదు. సామాను ఎక్కడ పెట్టాలో చూపించినట్టే చూపిస్తాడు.

నేను మా వాళ్ళ వైపు తిరుగుతాను. ఎవరో ఒకరు అదేమిటి అంటారు. అదేమిటి, మనిషి కదా, అంటారు. నలుగురిలో ఒక్కరంటే చాలు. నేను సంచి కింద పెట్టకుండా నిలబడతాను.

దివాకర్ పెట్టె మీది రాతను దగ్గరికి వెళ్ళి చదువుతాడు. బోర్డు మీద ఉన్న ఏ మాటనైనా ఆయన గౌరవిస్తాడు.

“వస్తువులన్నీ అని స్పష్టంగానే రాశారు ఇందూ. మన ఒక్కళ్ళ కోసం రూలు మార్చమంటే బావుంటుందా?”

“ఇనుమంటే గట్టిదే వదినా,” అంటుంది వైదేహి. “మాదేముంది, ఉత్త గుడ్డ.”

“పిండి గిన్నె పక్కలో పెట్టుకోవే,” అంటుంది అత్తయ్య. “ఒంటి వేడికి పొంగుద్ది.”

మేదిని ఫోన్ మీంచి తలెత్తుతుంది. దాని మొహం నా మొహంలాగే ఉంటుందని అందరూ అంటారు. “అమ్మా, రెండ్రోజులేగా. అడ్జస్టయిపో, ప్లీజ్. ఇక్కడ కూడా సీన్ చెయ్యకు.”

నేను సీన్ చెయ్యను. చెప్పులు విప్పి పెట్టెలో దిగుతాను. దిగుతూ మేదిని వేళ్ళ వైపు చూస్తాను. కడుక్కోమని చెబుదామనుకునేలోపు మూత పడుతుంది.

లోపల పడుకుంటే తల ఈ గోడకీ కాళ్ళు ఆ గోడకీ సరిగ్గా ఆనుతున్నాయి. నాకు జాకెట్ కుట్టే టైలరు కూడా ఇంత సరిగ్గా కొలత తియ్యలేదు. పిండి గిన్నె నడుము దగ్గర, జాడీ కాళ్ళ దగ్గర. పక్క గోడకి గాలి ఆడటానికి మణికట్టు పట్టేంత కన్నం ఉంది.

బయట దివాకర్‌కి ఒక సందేహం వస్తుంది. “మరి పొయ్యి?”

“ఆ కన్నంలోంచి చెయ్యి పెట్టి వేస్తదిలేరా,” అంటుంది అత్తయ్య. “దాని చెయ్యి అందకపోవడం ఎప్పుడన్నా చూశావా?”

నేను కన్నంలోంచి చెయ్యి బయటికి పెడతాను. చెయ్యి గడ్డి మీదుగా వెళుతుంది. రాళ్ళు తగిలితే పక్కకి తిరుగుతుంది. మెట్లెక్కి, తలుపు సందులోంచి లోపలికి దూరి, మూల పేర్చిన కట్టెల్లో ఒకటి తీసి పొయ్యిలో వేస్తుంది. నొప్పేమీ లేదు. ఇది అలవాటున్న చెయ్యే. పొయ్యి మీద కూర కలుపుతూనే పెరట్లో మోటారు ఆపేది. మంచమ్మీది వాళ్ళకి జ్వరం చూస్తూనే వీధి తలుపు తీసేది. అది ఎంత సాగుతుందో నేను ఎప్పుడూ కొలిచి చూడలేదు. అవసరమైనప్పుడల్లా సరిపోయింది.

ఇక్కడ రాత్రి టెంట్ల లోపల మాత్రమే ఉంటుంది. తలుపు వేసుకుంటే రాత్రవుతుంది, తీస్తే తెల్లారుతుంది. పెట్టెకి ఆ సదుపాయం లేదు. కన్నంలో నా చెయ్యి చుట్టూ మిగిలిన సందులోంచి ఎండ పడుతోంది. మూత వెచ్చగా ఉంది. ఎక్కడో నీళ్ళు పారుతున్నాయి. నా పక్కన పిండి మెల్లగా బుడగలు వేస్తోంది.

నేను మిగతా బసలన్నిటితో దీన్ని పోల్చి చూస్తాను. దీనికి కిటికీ లేదు. ఏటి ఒడ్డుదానికి ఉంది. దీనికి బాత్రూం లేదు. చెట్ల కిందిదానికీ లేదు. దీనికి మంచం లేదు. ఆ మాటకొస్తే దేనిలోనూ నాకు మంచం లేదు. కానీ దీనిలో నా చెయ్యి తప్ప ఇంకేదీ ఎవరికీ అందదు.

“ఇందూ, కట్టె!”

చెయ్యి కట్టె వేస్తుంది.

“వదినా, దుప్పటి జారింది.”

చెయ్యి దుప్పటి కప్పుతుంది.

“అమ్మా, చార్జర్.”

చెయ్యి చీకట్లో సంచులన్నీ తడిమి చార్జర్ వెతికి దాని మంచమ్మీద పెడుతుంది. వచ్చే దారిలో అత్తయ్య ఆ చేతిని ఆపి, వీపు గోకించుకుంటుంది. కొంచెం పైకి, కొంచెం కిందికి, ఆఁ, అక్కడ.

ఎలుగుబంటి వస్తుంది. అడుగుల చప్పుడుకి పెట్టె కొంచెం అదురుతుంది. సందులోంచి చూస్తే దాని మోచేతుల దగ్గర బొచ్చు అరిగిపోయి ఉంది. అది గడియ రేకు కిందికి గోళ్ళు పెట్టి చూస్తుంది. రాకపోయేసరికి బలవంతం చెయ్యదు. పేరంటానికి ముందుగా వచ్చేసిన చుట్టంలా కాస్త దూరంగా కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. గడ్డిలో సాగి ఉన్న నా చేతిని తొక్కకుండా కూర్చుంటుంది.

నాకు నిద్ర వస్తుంది. ఇది ఎలాంటిదో నేను మర్చిపోయాను. కాళ్ళ నుంచి మొదలవుతుంది. మోకాళ్ళు, నడుము, మెడ, ఒక్కొక్కటీ నా బరువు నాకే వదిలేస్తాయి. భుజం నిద్రపోతుంది. మోచెయ్యి నిద్రపోతుంది. టెంట్లో కట్టెల మీద పెట్టిన అరచెయ్యి ఒక్కటే ఇంకా కొంచెం మేలుకుని ఉంది. దానికి మాటలు వినబడుతున్నాయి.

“అమ్మా, పొయ్యి ఆరిపోతంది.” ఇది వైదేహి.

“దాని చెయ్యి చూడు, ఎట్టా పడిందో. ఒళ్ళు తెలీకుండా నిద్రపోతంది.” ఇది అత్తయ్య. “మేదినీ, లెగు. లేచి నాలుగు కట్టెలెయ్యి.”

“నేనా? అత్త ఉందిగా నానమ్మా.”

“నా చేతులు ఇప్పుడేగా పండినయ్. మసంటుకుంటే రంగు పాడైపోద్దే.”

“నాన్నా?”

దివాకర్ ఒకసారి దగ్గి గురక పెడతాడు. దొంగ గురకకి ముందు ఆయన ఎప్పుడూ దగ్గుతాడు. అది నాకు తెలుసు.

“ఆడపిల్లవి, పొయ్యిలో కట్టె వెయ్యడానికి ఇంతమందిని అడగాల్నా?” అంటుంది అత్తయ్య. “వెయ్యవే. మా అమ్మవి కదూ.”

మేదిని మంచం దిగదు. పడుకునే చెయ్యి చాపుతుంది. దాని మంచం ఆ చివర, కట్టెలు ఈ చివర. దాని వేళ్ళు నా వేళ్ళకి తగులుతాయి. చల్లగా ఉన్నాయి. తర్వాత దాని మణికట్టు నా మణికట్టును రాసుకుంటూ దాటుతుంది. తర్వాత దాని మోచెయ్యి దాటుతుంది. స్వెట్టరు చెయ్యి పైపైకి పోతోంది. అది ఇంకా మంచం మీదే ఉంది. కట్టె పొయ్యిలో పడుతుంది.

“బంగారుతల్లి,” అంటుంది అత్తయ్య.

చెయ్యి సాగిన సంగతి మేదినికి తెలియలేదు. మొదట్లో నాకూ తెలియలేదు. జాకెట్ చేతులు పొట్టిగా కుట్టాడని టైలర్‌తో గొడవపడేదాన్ని.

నా భుజం మేలుకుంటుంది.

“మేదినీ, చెయ్యి వెనక్కి తీసుకో,” అంటాను. నా గొంతు పెట్టెలోనే తిరుగుతుంది. బయటికి వెళ్ళేది చెయ్యి ఒక్కటే.

కాబట్టి చెయ్యి చెబుతుంది. అది మేదిని వేళ్ళను కట్టెల మీంచి తీసి పక్కకి పెడుతుంది. తర్వాత పొయ్యి కాలు పట్టుకుంటుంది. పొయ్యి ఎర్రగా కాలి ఉంది. గుడ్డ లేకుండా గిన్నెలు దించే చేతికి అదొక లెక్క కాదు. నేను లాగుతాను.

పొయ్యి కదులుతుంది. నాలుగు కాళ్ళ మీద కుంటుకుంటూ పలకల నేల దాటుతుంది. కాన్వాసు గోడ చిరుగుతుంది. పొగ గొట్టం నిటారుగా పెట్టుకుని, లోపల మంట మండుతూనే, పొయ్యి ఎండలో గడ్డి మీదుగా నా వైపు వస్తోంది. ఎలుగుబంటి కాళ్ళు దగ్గరికి తీసుకుని దారిస్తుంది.

చిరిగిన చోటు నుంచి టెంట్లోని రాత్రి కారిపోవడం మొదలుపెడుతుంది. తెరిచిన కుళాయిలోంచి వచ్చినట్టు నల్లగా, సన్నగా కారి, వాలు వెంట ఎక్కడో పారే ఆ నీళ్ళలోకి పోతుంది. ఆఖరి చుక్క కూడా పోయాక లోపలంతా పగలు. నలుగురూ మంచాల మీద కళ్ళు చికిలించి చూస్తున్నారు.

నేను కట్టెలు ఒక్కొక్కటీ బయటికి లాగి గడ్డిలో రుద్ది ఆర్పేస్తాను. పొయ్యి కాసేపు టిక్కు టిక్కుమని, తర్వాత ఊరుకుంటుంది.

వాళ్ళు దుప్పట్లు కప్పుకుని వచ్చి పెట్టె ముందు నిలబడతారు. ఫొటోకి నిలబడ్డట్టు నిలబడతారు. అత్తయ్య మధ్యలో.

“పొయ్యి ఎందుకు తీశావే?”

“మేదిని చెయ్యి సాగుతోంది అత్తయ్యా,” అని కన్నం దగ్గర అరుస్తాను.

“ఆడపిల్ల చెయ్యి ఆ మాత్రం సాగకపోతే ఎట్టా?”

మేదిని కుడిచేతిని వెనక్కి దాచుకుంటుంది. వేళ్ళు మోకాళ్ళ కిందికి కనబడుతున్నాయి. అది వాటి వైపు చూసుకుని, నా పెట్టె వైపు చూస్తుంది.

“సరేలే, అన్నీ తర్వాత మాట్లాడుకుందాం,” అంటాడు దివాకర్. “ముందు బయటికి రా.”

ఆయన గడియ పట్టుకుంటాడు. పైకి లాగుతాడు, పక్కకి లాగుతాడు, గుద్దుతాడు. రేకు కిందికి వేళ్ళు పోనిచ్చి నొక్కి ఎత్తాలి. మా వంటింట్లో పోపులపెట్టె మూత కూడా ఇలాగే వస్తుంది. ఆయన దాన్ని ఎప్పుడూ తెరవలేదు. కాసేపటికి చేతులు దులుపుకుని, ఎలుగుబంటి పక్కకి వెళ్ళి నిలబడతాడు. ఇద్దరూ గడియ వైపు చూస్తారు.

“మనిషికొస్తదన్నాడుగా!” అంటుంది వైదేహి.

“తుప్పు పట్టింది,” అంటాడు దివాకర్.

చెయ్యి ఒక్కసారి పెట్టెలోకి వస్తుంది. అంతా పట్టదు. మణికట్టు వరకూ వచ్చి, జాడీ పక్కనున్న చిన్న డబ్బా తీసుకుని మళ్ళీ బయటికి వెళుతుంది. డబ్బాను ఎలుగుబంటి ముందు పెట్టి, పక్కనే వెల్లకిలా పడుకుంటుంది.

“అది నా కాళ్ళకి వదినా,” అంటుంది వైదేహి.

ఎలుగుబంటి నా చేతిని ఒళ్ళోకి తీసుకుంటుంది. గోటి చివరతో డబ్బా మూత లేపుతుంది. ముద్ద తీసి అరచేతి మధ్యలో గుండ్రంగా చందమామ పెడుతుంది. చుట్టూ చుక్కలు పెడుతుంది. తర్వాత ఒక్కో వేలికీ టోపీ. తొందరపడదు. ఎక్కడైనా అంచు పక్కకి పోతే నాలుకతో తుడిచి మళ్ళీ పెడుతుంది. ముద్ద చల్లగా ఉంది. ఆ చల్లదనం ఇంత దూరం నుంచి, గడ్డి మీదుగా, భుజం దాకా వస్తోంది.

పార్కు మనిషి మూట భుజానేసుకుని వస్తాడు. చిరిగిన టెంటును చూసి నాలుక చప్పరిస్తాడు. ఇలాంటివి తనకి కొత్త కాదన్నట్టు గడ్డిలో కూర్చుని మూట విప్పుతాడు.

“ఇది పోయింది గనక వేరేది చూసుకోవాల. జిప్పుది తీసుకుంటారా, బాత్రూం లేంది తీసుకుంటారా?”

“జిప్పుది వద్దు,” అంటుంది అత్తయ్య.

“బాత్రూం లేంది వద్దు,” అంటుంది వైదేహి.

ఆయన పెట్టె వైపు తిరుగుతాడు. “మీరేం చూసుకున్నారమ్మా?”

ఈ ప్రయాణంలో నాకేం కావాలని ఎవరైనా అడగటం ఇదే మొదలు. అందరూ కన్నం వైపు వంగుతారు. ఇప్పుడు నా గొంతు బయటికి వెళుతోంది. గట్టిగా మాట్లాడాల్సిన పని లేదు.

“నాకు ఈ పెట్టె బావుంది,” అంటాను. “ఇల్లు మీరు చూసుకోండి. నా చేతికి గోరింటాకు ఉంది. అది ఆరేదాకా ఇక్కడే ఉంటాను. ఏ పనీ ముట్టుకోను.”

“మరి పిండో?” అంటుంది అత్తయ్య. “పొంగి ఉంటది. పొద్దున్నే ఇడ్లీ ఎవరేస్తారు?”

పిండి పొంగి గిన్నె దాటింది. నా నడుము కింద మెత్తగా పరుచుకుంటోంది.

“అది ఆరేదెప్పటికి ఇందూ?” దివాకర్ వాచీ చూసుకుంటాడు.

“పొయ్యి లేదుగా,” అంటాను. “ఈ చలిలో ఆరదు.”

మేదిని దుప్పటి వదిలేస్తుంది. నా చెయ్యి దాటి అవతలికి వెళ్ళి, ఎలుగుబంటి ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంటుంది. సాగిన చేతిని వెనక నుంచి ముందుకి తెచ్చుకోవడానికి దానికి కొంత సమయం పడుతుంది. అత్తయ్య దాన్ని పేరు పెట్టి పిలుస్తుంది. అది పలకదు. ఎలుగుబంటి కొంచెం జరిగి చోటిచ్చి, దాని చెయ్యి అందుకోవడానికి తన రెండో పంజా చాపుతుంది. ఆ పంజా వెల్లకిలా ఉంది. దాని మధ్యలో, ఎప్పుడో పండి ఇంకా పోని, ఎర్రటి చందమామ ఉంది. ఆ మణికట్టు బొచ్చులో, లోపలికి దిగబడిపోయి, ఒక పాత మట్టిగాజు ఉంది.